తుపాకీ కొనాలంటే ముందు క్లాసు, తర్వాత పరీక్ష: కొలరాడో చట్టంపై తుపాకీ యజమానులు ఏమంటున్నారు?

అమెరికాలో కాల్పులు జరిగాయన్న వార్త వచ్చిన ప్రతిసారీ మన ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒకటే. 'అక్కడ తుపాకులను ఎందుకు నిషేధించరు?'

నిషేధించాలని ప్రయత్నాలు జరగడం లేదని కాదు. ప్రతి ఏడాదీ ఏదో ఒక రాష్ట్ర చట్టసభలో తుపాకుల నియంత్రణ బిల్లు వస్తూనే ఉంటుంది. కానీ ప్రవేశపెట్టినప్పుడు ఉన్న బిల్లు, చట్టమయ్యేనాటికి అలాగే ఉండటం అరుదు. కొలరాడో రాష్ట్రంలో 2025లో జరిగింది ఇందుకు మంచి ఉదాహరణ. జనవరిలో వచ్చిన బిల్లు కొన్ని రకాల తుపాకుల అమ్మకాన్ని దాదాపుగా ఆపేసేది. ఏప్రిల్‌లో గవర్నర్ సంతకం చేసేసరికి అది 'శిక్షణ తీసుకుని కొనుక్కోండి' అనే చట్టంగా మారింది.

ఈ మూడు నెలల్లో ఏం మారింది? తుపాకీ యజమానుల అభ్యంతరాలేంటి? అమెరికాలో ఉన్న మీ పిల్లలు, బంధువులు, స్నేహితులు ఇందులో గమనించాల్సింది ఏంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

తుపాకీ చట్టం ఎవరి చేతిలో ఉంటుంది?

మన దేశంలో ఆయుధాలు కేంద్ర జాబితాలోని అంశం. 1959 నాటి ఆయుధాల చట్టం దేశమంతటికీ ఒకటే. హైదరాబాద్‌లో పోలీస్ కమిషనర్, జిల్లాల్లో కలెక్టర్ లైసెన్స్ ఇస్తారు. ఒక లైసెన్స్‌దారు దగ్గర ఉండగల తుపాకులను 2019 సవరణతో మూడు నుంచి రెండుకు తగ్గించారు. ఇందులో ఏపీ, తెలంగాణ అసెంబ్లీల పాత్ర లేదు.

అమెరికాలో అలా కాదు. అక్కడ ఫెడరల్ చట్టం కనీస నిబంధనలు పెడుతుంది. 1993 నాటి బ్రాడీ చట్టం ప్రకారం లైసెన్స్ ఉన్న దుకాణంలో తుపాకీ కొనేవారికి బ్యాక్‌గ్రౌండ్ చెక్ తప్పనిసరి. దాని మీద ఇంకేం షరతులు పెట్టాలో, పెట్టాలో వద్దో ప్రతి రాష్ట్రం తనకు తానే నిర్ణయించుకుంటుంది. అందుకే టెక్సాస్‌లో సులువుగా జరిగే కొనుగోలు న్యూజెర్సీలో పర్మిట్ లేకుండా జరగదు.

అయితే రాష్ట్రాలకూ ఒక హద్దు ఉంది. 1791లో అమల్లోకి వచ్చిన రెండో రాజ్యాంగ సవరణ ఆయుధం కలిగి ఉండే హక్కును ఇచ్చింది. అది వ్యక్తిగత హక్కేనని 2008లో, రాష్ట్రాలకూ వర్తిస్తుందని 2010లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఏ రాష్ట్రం బిల్లు తెచ్చినా, తుపాకీ యజమానులు దాన్ని కేవలం 'రూల్స్ మార్పు'గా చూడరు. తమ రాజ్యాంగ హక్కుపై కోతగా చూస్తారు. మనకు ఈ చర్చ అర్థం కాకపోవడానికి అసలు కారణం ఇదే. మన దగ్గర తుపాకీ ప్రభుత్వం ఇచ్చే అనుమతి. అక్కడ అది పౌరుడి హక్కు.

కొలరాడోనే ఎందుకు?

అమెరికా తుపాకీ చరిత్రలో ఈ రాష్ట్రానికి చేదు జ్ఞాపకాలు ఎక్కువ. 1999 ఏప్రిల్ 20న కొలంబైన్ హైస్కూల్‌లో, 2012 జులై 20న అరోరా సినిమా థియేటర్‌లో, 2021 మార్చిలో బౌల్డర్ సూపర్‌మార్కెట్‌లో కాల్పులు జరిగాయి. అరోరాలో 12 మంది, బౌల్డర్‌లో 10 మంది చనిపోయారు.

అదే సమయంలో ఇది వేటగాళ్ల రాష్ట్రం కూడా. ఎల్క్, జింకల వేట కోసం రాకీ పర్వతాలకు ఏటా వేలమంది వస్తారు. డెన్వర్ నగరం ఒకలా ఆలోచిస్తే, తూర్పు మైదానాల్లోని పశువుల పెంపకందారులు మరోలా ఆలోచిస్తారు.

అరోరా ఘటన తర్వాత 2013లో రాష్ట్రం రెండు కీలక చట్టాలు చేసింది. ఒకటి, ప్రైవేటు అమ్మకాలకూ బ్యాక్‌గ్రౌండ్ చెక్. రెండోది, 15 తూటాలకు మించి పట్టే మ్యాగజైన్ల అమ్మకంపై నిషేధం. తుపాకీ యజమానుల ఆగ్రహం ఎంత దూరం వెళ్లిందంటే, అదే ఏడాది సెప్టెంబరులో రీకాల్ ఎన్నిక పెట్టించి ఇద్దరు సెనేటర్లను పదవి నుంచి దించేశారు. వారిలో ఒకరు సెనేట్ అధ్యక్షుడు జాన్ మోర్స్. మరొకరు ఏంజెలా జిరాన్. మూడో సెనేటర్ రీకాల్‌ను ఎదుర్కోకుండా రాజీనామా చేశారు. మ్యాగజైన్లు తయారుచేసే మ్యాగ్‌పుల్ కంపెనీ తన ఫ్యాక్టరీని పక్కనున్న వయోమింగ్‌కు తరలించింది.

ఆ తర్వాత వచ్చిన ప్రతి బిల్లు మీదా 2013 నీడ ఉంది. చట్టసభ సభ్యులకు అది భయం. తుపాకీ యజమానులకు అది ధైర్యం.

బిల్లు మొదట ఎలా ఉంది?

2025 జనవరిలో సెనేట్ బిల్లు 3 పేరుతో ఇది వచ్చింది. దీన్ని ముందుండి నడిపిన సెనేటర్ టామ్ సలివన్ కుమారుడు అరోరా థియేటర్ కాల్పుల్లో చనిపోయాడు.

2013లో పెద్ద మ్యాగజైన్లను నిషేధించినా, ఆ నిషేధం సరిగా అమలు కావడం లేదన్నది బిల్లు తెచ్చినవారి వాదన. మ్యాగజైన్ అంటే తూటాలు నింపే డబ్బా. దాన్ని తుపాకీ నుంచి ఊడదీసి మరొకటి బిగించగలిగితే, సైజుపై పరిమితి పెట్టి ప్రయోజనం ఏముంటుందని వారు ప్రశ్నించారు. అందుకే మ్యాగజైన్‌ను వదిలేసి, అలా ఊడదీసి మార్చుకునే వీలున్న తుపాకులపైనే గురిపెట్టారు.

సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు, షాట్‌గన్లు, గ్యాస్ ఒత్తిడితో పనిచేసే కొన్ని పిస్టళ్లు ఈ జాబితాలోకి వచ్చాయి. వీటి తయారీ, అమ్మకం, కొనుగోలు ఆపాలన్నది మొదటి ప్రతిపాదన. సాధారణంగా ఇళ్లలో ఉండే చాలా పిస్టళ్లు మరో విధానంలో పనిచేస్తాయి కాబట్టి అవి ఇందులోకి రావు. ఇప్పటికే దగ్గరున్న తుపాకులను వెనక్కి ఇవ్వాలని బిల్లు ఎప్పుడూ చెప్పలేదు.

చివరికి ఏం మిగిలింది?

సెనేట్‌లో చర్చ నడుస్తుండగానే బిల్లు రూపం మారింది. పూర్తి నిషేధంపై గవర్నర్ జేరెడ్ పోలిస్ సుముఖంగా లేరు. అక్కడ గవర్నర్ అంటే మన రాజ్‌భవన్ గవర్నర్ కాదు, ముఖ్యమంత్రిలా ప్రజలు ఎన్నుకున్న పాలకుడు. ఆయన సంతకం పెట్టకుండా వెనక్కి పంపితే బిల్లు ఆగిపోతుంది. అందుకే నిషేధానికి మినహాయింపుగా శిక్షణ మార్గాన్ని చేర్చారు. 2025 ఏప్రిల్ 10న ఆయన సంతకం చేశారు. అమలు తేదీని 2026 ఆగస్టు 1గా చట్టంలోనే పెట్టారు.

జాబితాలోని తుపాకీ కొనాలంటే దశలు ఇవీ:

• మొదట కౌంటీ షెరీఫ్ దగ్గర దరఖాస్తు చేసి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ తర్వాత అర్హత కార్డు తీసుకోవాలి.

• తర్వాత తుపాకీ భద్రతా కోర్సు పూర్తిచేయాలి. వేటగాళ్ల కోసం ఉన్న హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఇప్పటికే చేసినవారికి 4 గంటల క్లాసు చాలు. చేయనివారు 12 గంటల కోర్సుకు వెళ్లాలి. దాన్ని ఒక్కరోజులో ముగించడం కుదరదు.

• కోర్సు చివర పరీక్ష ఉంటుంది. 90 శాతం మార్కులు రావాలి.

• ఈ అర్హత ఐదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత కొనాలంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

• తుపాకీ కొనేటప్పుడు దుకాణంలో జరిగే మామూలు బ్యాక్‌గ్రౌండ్ చెక్, మూడు రోజుల నిరీక్షణ ఎప్పటిలాగే ఉంటాయి.

యజమానుల అభ్యంతరాలు ఏంటి?

రాకీ మౌంటెన్ గన్ ఓనర్స్, కొలరాడో స్టేట్ షూటింగ్ అసోసియేషన్ వంటి సంఘాలు బిల్లును మొదటి నుంచీ వ్యతిరేకించాయి. సవరణ తర్వాత కూడా ఒప్పుకోలేదు. వారి వాదనలను విడదీసి చూస్తే ఐదు ప్రధాన అంశాలు కనిపిస్తాయి.

ఒకటి, హక్కుకు పరీక్ష ఏంటి? ఓటు వేయడానికో, మాట్లాడటానికో పరీక్ష రాయమంటే ఒప్పుకుంటారా అన్నది వారి సూటి ప్రశ్న. దీనికి మద్దతుదారుల జవాబు: కారు నడపడానికి పరీక్ష పెడుతున్నాం కదా, ప్రాణం తీయగల వస్తువుకు పెడితే తప్పేంటి? కారు నడపడం రాజ్యాంగ హక్కు కాదని యజమానులు తిప్పికొడతారు.

రెండు, ఖర్చు, దూరం. కార్డు ఫీజు, కోర్సు ఫీజు, రెండు రోజుల సెలవు అన్నీ కొనేవారి మీదే పడతాయి. డెన్వర్‌లో ఉండే ఐటీ ఉద్యోగికి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. రాత్రి షిఫ్టులో దుకాణం చూసుకునే మనిషికి, దగ్గరలో శిక్షకుడే లేని పల్లెటూరి వారికి ఇది నిజమైన అడ్డంకి. ఆత్మరక్షణ అవసరం ఎక్కువగా ఉన్న పేదలకే తుపాకీ అందకుండా పోతుందన్నది ఈ వాదనలోని పదును.

మూడు, రికార్డులు. ఎవరు కోర్సు చేశారో, ఎవరికి అర్హత ఉందో చూసుకునే రికార్డు వ్యవస్థను రాష్ట్ర పార్కులు, వన్యప్రాణుల విభాగం నిర్వహించాలి. ఇది రేపు తుపాకీ యజమానుల జాబితాగా మారదని హామీ ఏంటని సంఘాలు అడుగుతున్నాయి. అందులో నమోదయ్యేది శిక్షణే తప్ప తుపాకీ కాదని బిల్లును సమర్థించేవారు చెబుతున్నారు.

నాలుగు, షెరీఫ్ విచక్షణ. దరఖాస్తుదారు వల్ల ప్రమాదం ఉందని భావిస్తే షెరీఫ్ కార్డు నిరాకరించవచ్చు. ఒక కౌంటీలో తేలిగ్గా వచ్చే కార్డు, పక్క కౌంటీలో ఆలస్యం కావచ్చన్నది భయం. కొలరాడోలో షెరీఫ్ ఎన్నికైన పదవి కాబట్టి ఈ అనుమానానికి ఆధారం లేకపోలేదు. 2019లో రెడ్ ఫ్లాగ్ చట్టం వచ్చినప్పుడు వెల్డ్ సహా పలు కౌంటీలు తాము 'రెండో సవరణకు ఆశ్రయం' ఇచ్చే ప్రాంతాలమని ప్రకటించుకున్నాయి. ప్రమాదకరంగా కనిపించే వ్యక్తి నుంచి కోర్టు ఉత్తర్వుతో తాత్కాలికంగా తుపాకీ తీసుకోవడానికి వీలిచ్చే చట్టమది.

ఐదు, నేరస్తుడు క్లాసుకు వస్తాడా? చట్టాన్ని పాటించేవారి మీదే భారం పడుతుందని, దొంగ తుపాకీ కొనేవాడికి ఇవేవీ అడ్డు కావని అంటారు. దీనికి మద్దతుదారులు చూపేది వేరే కోణం. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఇంట్లో తుపాకీని ఎలా దాచాలి, ఆవేశంలో ఉన్న మనిషికి అందకుండా ఎలా చూడాలి అన్నవి నేర్పితే ఉపయోగపడేది నేరస్తులకు కాదు, మామూలు కుటుంబాలకేనన్నది వారి మాట.

యజమానులంతా ఒకే మాట మీద ఉన్నారా?

లేరు. 2023లో ప్యూ రీసెర్చ్ సెంటర్ చేసిన సర్వేలో అమెరికా వయోజనుల్లో 32 శాతం మంది తమకు తుపాకీ ఉందని చెప్పారు. వారిలో 72 శాతం మంది ఆత్మరక్షణ ముఖ్య కారణమన్నారు. వేట, క్రీడ అని చెప్పినవారు మూడో వంతు చొప్పునే. మానసిక ఆరోగ్య సమస్యలున్నవారు తుపాకీ కొనకుండా చూడాలన్న విషయంలో యజమానుల్లోనూ ఎక్కువమంది అంగీకరించారు.

ఎందుకు కొన్నారన్న దాన్ని బట్టి అభిప్రాయం మారుతుంది. వేటగాళ్ల సంగతే తీసుకోండి. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవారు వేట లైసెన్స్ పొందాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాల్సిందే. క్లాసు, పరీక్ష వారికి కొత్త కాదు. ఆత్మరక్షణ కోసం కొనేవారికి సమయమే సమస్య. బెదిరింపులు వచ్చిన మహిళకు రెండు వారాల తర్వాత వచ్చే కార్డుతో పని లేదు. సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో పోటీల్లో పాల్గొనేవారికి తాము వాడే ఆయుధమే జాబితాలో ఉండటం బాధ. దుకాణదారులకు వ్యాపారం బాధ. 2024 నవంబరులో ఓటర్లు ఆమోదించిన 6.5 శాతం ప్రత్యేక పన్ను తుపాకులు, తూటాల అమ్మకాలపై అప్పటికే వచ్చి పడింది.

ఇక్కడే మీరు గమనించాల్సింది ఉంది. 'ఏ తుపాకీ చట్టమూ వద్దు' అన్న నినాదం బిల్లును ఆపలేకపోయింది. కానీ 'నిషేధిస్తే శిక్షణ పొందిన వేటగాడి పరిస్థితి ఏంటి?' అన్నలాంటి నిర్దిష్టమైన ప్రశ్నలకు చట్టంలో జవాబు దొరికింది. వేటగాళ్లకు 4 గంటలు, మిగతావారికి 12 గంటలు అన్న తేడా అందులో భాగమే.

కోర్టులో నిలుస్తుందా?

ఇలాంటి చట్టాలన్నీ చివరికి కోర్టు మెట్లు ఎక్కుతాయి. 2022 జూన్‌లో న్యూయార్క్ కేసులో సుప్రీంకోర్టు కొత్త కొలమానం పెట్టింది. తుపాకీపై ఆంక్ష పెట్టాలంటే, అలాంటి ఆంక్షలు దేశ చరిత్రలో, సంప్రదాయంలో ఉన్నాయని ప్రభుత్వమే చూపాలి. యజమానుల సంఘాలు నమ్ముకున్నది ఈ తీర్పునే.

అయితే అదే తీర్పులో, బహిరంగ ప్రదేశాల్లో తుపాకీ వెంట ఉంచుకునే లైసెన్సుల విషయంలో, శిక్షణ, బ్యాక్‌గ్రౌండ్ చెక్ వంటి స్పష్టమైన షరతులను కోర్టు తప్పుపట్టలేదు. ఫీజులు మోయలేనంతగా ఉన్నా, ఎదురుచూపులు సాగదీసినా మాత్రం ప్రశ్నించవచ్చని చెప్పింది. 2024 జూన్‌లో మరో కేసులో, గృహహింస ఉత్తర్వులు ఉన్నవారి నుంచి తుపాకీని దూరంగా ఉంచడం సబబేనని 8-1 మెజారిటీతో తేల్చింది.

అంటే కొలరాడోలో ఖర్చు, ఆలస్యం గురించిన అభ్యంతరాలు కేవలం ఫిర్యాదులు కావు. అమలులో అవి నిజమని తేలితే, రేపు కోర్టులో అవే బలమైన వాదనలవుతాయి.

బిల్లు పెండింగ్‌లో ఉన్నప్పుడు మాట ఎలా వినిపించాలి?

తుపాకీ వద్దనుకునేవారికైనా, కావాలనుకునేవారికైనా దారి ఒకటే.

కొలరాడో చట్టసభ ఏటా జనవరిలో మొదలై 120 రోజులు నడుస్తుంది. ప్రతి బిల్లూ కమిటీ ముందుకు వస్తుంది. అక్కడ సామాన్యులు కూడా మాట్లాడవచ్చు. చట్టసభ వెబ్‌సైట్‌లో బిల్లు నంబరుతో వెతికి పేరు నమోదు చేసుకుంటే, నేరుగా వెళ్లి గానీ వీడియో కాల్‌లో గానీ చెప్పవచ్చు. రాసి పంపే వీలూ ఉంది. ఒక్కొక్కరికి దొరికేది రెండు మూడు నిమిషాలే కాబట్టి బిల్లులోని ఏ సెక్షన్ మీకు ఎలా తగులుతుందో అదే చెప్పాలి.

చదివేటప్పుడు బిల్లు తాజా కాపీయే చదవండి. వాట్సాప్‌లో తిరిగేది తరచూ మొదటి కాపీ అవుతుంది. జనవరి నాటి బిల్లు చదివి ఏప్రిల్‌లో వాదించినవారు రెండు వైపులా ఉన్నారు.

అక్కడున్న తెలుగువారు తెలుసుకోవాల్సినవి

ఈ చర్చ మనది కాదనుకోకండి. చదువుకుంటూ తుపాకీ కొన్న తెలుగు విద్యార్థి, దాన్ని శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయిన వార్త 2024లో మనం చదివాం. కింది విషయాలు ఏ రాష్ట్రంలో ఉన్నా ఉపయోగపడతాయి.

• స్టూడెంట్ వీసా, హెచ్1బీ వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ, తూటాలు గానీ కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు.

• వీకెండ్‌లో సరదాగా షూటింగ్ రేంజ్‌కు వెళ్లి అద్దె తుపాకీ పట్టుకోవడం కూడా 'కలిగి ఉండటం' కిందకు రావచ్చు. మినహాయింపు మీకు వర్తిస్తుందో లేదో వెళ్లకముందే లాయర్‌ను అడగండి. ఫొటో ఇన్‌స్టాలో పెట్టిన తర్వాత కాదు.

• గ్రీన్‌కార్డు ఉన్నవారు కొనవచ్చు. కానీ తుపాకీ నేరంలో దోషిగా తేలితే దేశం నుంచి పంపించేసే ప్రమాదం వారికీ ఉంది.

• కొలరాడోలో తుపాకీ ఉంటే పిల్లలకు, తుపాకీ పట్టడానికి అర్హత లేనివారికి అందకుండా తాళం వేసి ఉంచాలి. పోయినా, దొంగతనం జరిగినా ఐదు రోజుల్లోగా పోలీసులకు చెప్పాలి. 2025 నుంచి, కారులో పిస్టల్ వదిలి వెళ్లాలంటే తాళం వేసిన గట్టి పెట్టెలో, బయటికి కనిపించకుండా పెట్టాలి.

• మీ పిల్లలు ఆడుకోవడానికి స్నేహితుల ఇంటికి వెళ్తున్నారా? 'మీ ఇంట్లో తుపాకీ ఉందా? తాళం వేసి ఉంటుందా?' అని అడగడం అక్కడ తప్పుగా అనుకోరు. అలర్జీల గురించి అడిగినంత మామూలుగా అడగవచ్చు.

• రాష్ట్రం మారితే చట్టం మారుతుంది. టెక్సాస్‌లో చెల్లిన అలవాటు కొలరాడో సరిహద్దు దాటగానే నేరం కావచ్చు.

తదుపరి కాల్పుల వార్త వచ్చినప్పుడు 'ఎందుకు నిషేధించరు?' అని మళ్లీ అనిపిస్తుంది. అప్పుడు ఆ రాష్ట్రంలో ఏ బిల్లు పెండింగ్‌లో ఉందో, అందులో ఏ సెక్షన్ దగ్గర తుపాకీ యజమానులు అడ్డుపడుతున్నారో ఒకసారి చూడండి. ఆ బిల్లు ఆగుతుందా, మారి గట్టెక్కుతుందా అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది.